కమాను చేసిన చేయి

వయొలిన్ కమాను బరువు సుమారు 60 గ్రాములు. పొడవు 75 సెంటీమీటర్లకు కాస్త అటూ ఇటూ. సన్నని కర్ర, దాని అడుగున బిగించిన గుర్రపు తోక వెంట్రుకలు, పట్టు దగ్గర నల్లని ఎబొనీ దిమ్మ, కొంచెం వెండి, లోపల ఒక చిన్న మర. సరంజామా ఇంతే. కచేరీకి వచ్చినవారి కళ్లు వయొలిన్ మీద నిలుస్తాయి. దాని వంపులూ మెరుగూ చూసి ఎవరు చేశారని అడిగేవారూ ఉంటారు. కమాను చేసిందెవరన్న ప్రశ్న మాత్రం వాయించేవారి మధ్య పుట్టి వారి మధ్యే ఆగిపోతుంది. ఎడమచేతి వేళ్లు స్వరస్థానాన్ని చూపిస్తాయి. ఆ స్వరం ఎప్పుడు మొదలవ్వాలో, ఎంతసేపు నిలవాలో, ఎక్కడ పెరిగి ఎక్కడ తగ్గాలో తేల్చేది కుడిచేతిలోని కమాను. గాయకుడికి ఊపిరి ఎలాంటిదో వయొలిన్‌కు కమాను అలాంటిది.

వయొలిన్, కమాను కలిసి ఎదగలేదు. ఇటలీలోని క్రెమోనాలో ఆంటోనియో స్ట్రాడివారి 1737లో మరణించేనాటికి వయొలిన్ పెట్టె దాదాపు తుదిరూపానికి వచ్చేసింది. కమాను అప్పటికింకా ఊరికొక తీరుగా, వాద్యకారుడికొక కొలతగా ఉండేది. 17వ శతాబ్దపు కమాను పేరుకు తగ్గట్టు బయటివైపుకే వంగి ఉండేది. కొన సన్నగా, తేలికగా ఉండేది. వెంట్రుకల పట్టీ ఇరుకు. ఎక్కువగా స్నేక్‌వుడ్ అనే మచ్చల కర్రతో చేసేవారు. అలాంటి కమానును పట్టు దగ్గర నుంచి కొన వైపు లాగితే నాదం బలంగా మొదలై దానంతటదే సన్నగిల్లుతుంది. నాట్యానికి తోడుగా, చిన్న గదుల్లో పదిమంది ముందు వాయించే సంగీతానికి ఆ స్వభావం చక్కగా ఒదిగింది. అందుకే అది పనికిమాలిన కమానేమీ కాదు. ఆ కాలపు సంగీతాన్ని ఆనాటి తీరులోనే వాయించాలనుకునేవారు ఈనాటికీ దాన్నే చేయించుకుంటారు.

18వ శతాబ్దం సగం దాటేసరికి సంగీతం అడిగేది మారింది. కచేరీలు టికెట్ కొని వచ్చే జనం ముందు, పెద్ద మందిరాల్లో జరగసాగాయి. వయొలిన్ ఒక్కటే వాద్యబృందం మొత్తాన్ని దాటి వినిపించాలి. పాడినట్టు సాగే పొడవైన స్వరాలు రావాలి, మరుక్షణం తీగ మీద గంతులేసే స్వరాలూ రావాలి. పాత కమాను ఈ రెండింటినీ ఒకేసారి మోయలేకపోయింది. కమానులు చేసేవారు కర్రను పొడుగు చేశారు, వంపును తిరగేశారు, కొనకు ఎత్తు పెంచారు. ఒకటి సరిచేస్తే ఇంకొకటి చెడేది. పొడవు పెంచితే కర్ర వణికేది, వణుకు తగ్గాలని లావు పెంచితే చేయి బరువెక్కేది, కొన ఎత్తు చేస్తే ముందుకు తూగేది. కమాను చేయడంలోని కష్టమంతా ఇక్కడే ఉంది. ఒక కొలతను తక్కిన కొలతలన్నీ పట్టుకుని ఉంటాయి.

ఈ చిక్కుముడి విప్పిన పనివాడు ఫ్రాన్స్వా గ్జావియే తూర్త్. పారిస్‌లో 1747 ప్రాంతంలో పుట్టాడు, 1835లో అక్కడే పోయాడు. తండ్రి నికోలా పియేర్, అన్న నికోలా లెయొనార్ ఇద్దరూ కమానులు చేసేవారే. ఇతణ్ణి మాత్రం చిన్నప్పుడు గడియారాల పనిలో పెట్టారు. కొన్నేళ్లు ఆ పని చేశాక ఇంటి వృత్తికి తిరిగి వచ్చాడు. చదువు అంతగా అబ్బలేదని, పనికిరాని పీపాల చెక్కలతో కమానులు చేస్తూ చెయ్యి తిప్పుకున్నాడని, నచ్చని కమానును అమ్మకుండా విరిచేసేవాడని బెల్జియంకు చెందిన సంగీత చరిత్రకారుడు ఫెతీస్ రాశాడు. సేన్ నది ఒడ్డున కొట్టు, పగలంతా పని, సాయంత్రం నదిలో గాలం వేసి చేపలు పట్టడం, ఇదీ అతని రోజు. ఫ్రెంచి విప్లవం, నెపోలియన్ యుద్ధాలు అతని గుమ్మం ముందు నుంచే సాగిపోయాయి. ఎనభై దాటి, కంటిచూపు మందగించేవరకు పనిబల్ల వదలలేదు.

గడియారాల కొట్టులో గడిపిన ఏళ్లు వృథా పోలేదనే అనిపిస్తుంది. మిల్లీమీటరులో పదో వంతు తేడాను వేలితో పసిగట్టడం, లోహాన్ని కర్రతో సందు లేకుండా అతకడం, చిన్న మరను బిగుతు చెడకుండా తిప్పడం గడియారం పనివాడికి నిత్యకృత్యం. 1782లో పారిస్‌కు వచ్చి అక్కడి శ్రోతలను ఒక్క ఊపు ఊపిన ఇటలీ వయొలిన్ విద్వాంసుడు వియొత్తీ, తనకెలాంటి కమాను కావాలో తూర్త్‌కు చెప్పి చేయించుకున్నాడని సంగీత లోకంలో వాడుక. వాయించేవాడి కోరికా చేసేవాడి చేతా ఎదురుపడినచోటే పనిముట్టు మెరుగుపడుతుంది.

తూర్త్ కమానులో స్థిరపడిన అంశాలు నాలుగు. మొదటిది పొడవు. వయొలిన్ కమానుకు 74 నుంచి 75 సెంటీమీటర్లు, అందులో వాయించడానికి దొరికే వెంట్రుక సుమారు 65. రెండోది వంపు. కర్ర మధ్యభాగం వెంట్రుకల వైపుకే వంగి ఉంటుంది. మర తిప్పి వెంట్రుకలను బిగించిన కొద్దీ కర్ర తిన్నబడబోతుంది, తన వంపు తాను నిలుపుకోవాలని ఎదురు లాగుతుంది. బిగించిన కమానులో వెంట్రుకల మీద పడే లాగుడు సుమారు ఆరు కేజీల బరువు వేలాడదీసినంత ఉంటుంది. 60 గ్రాముల కర్ర ఆ లాగుడును వాయించినంతసేపూ భరిస్తుంది. తీగ మీద ఎంత నొక్కినా లొంగిపోకుండా, వదలగానే మళ్లీ లేచే గుణం ఆ ఎదురు లాగుడు నుంచే వస్తుంది.

మూడోది కొన. దాన్ని గొడ్డలి తల ఆకారంలో ఎత్తుగా, కొంచెం బరువుగా చేశారు. దానితో కమాను చివరి అంగుళంలోనూ స్వరం తేలిపోకుండా నిలుస్తుంది. ముందు పెరిగిన ఈ బరువుకు వెనక పాసంగం కావాలి. ఫ్రాగ్ అనే ఎబొనీ దిమ్మకు వెండిరేకు, బంగారురేకు తొడగడం అలంకారంగా కనిపించినా అది తూకం సరిచేసే లోహం కూడా. నాలుగోది వెంట్రుకల పట్టీ. ఫ్రాగ్ ముందు ఒక చిన్న లోహపు కట్టు తొడిగి, లోపల చెక్క బిళ్ళ దూర్చితే వెంట్రుకలు కుచ్చులా ముద్దకట్టకుండా రిబ్బనులా పరుచుకుంటాయి. అడుగున ముత్యపు చిప్ప పలక జారి వచ్చి ముడిని కప్పేస్తుంది. వీటిలో ఏది తూర్త్ ఒక్కడిదే, ఏది అన్నదీ లండన్ పనివాడు జాన్ డాడ్‌దీ అన్న వాదులాట ఇప్పటికీ నడుస్తూనే ఉంది. అన్నీ ఒకే కర్రలో ఒకదానికొకటి అడ్డం రాకుండా కుదిరింది మాత్రం తూర్త్ చేతిలోనే.

వంపు ఎలా వచ్చిందన్నది దగ్గరగా చూడవలసిన సంగతి. పలకలోంచి వంపు గీత గీసి రంపంతో కోసేస్తే పని తొందరగా అవుతుంది. డాడ్ అలాగే కోసేవాడని చెబుతారు. అలా కోసిన కర్రలో నార గీత వెంట సాగదు, వంపు తిరిగే ప్రతిచోటా తెగిపోతుంది. నార తెగినచోట కర్ర ఏదో ఒకనాడు విరుగుతుంది, విరగకపోయినా ఎదురు లాగే బలం తగ్గుతుంది. తూర్త్ దారి వేరు. నార తిన్నగా ఉన్న బద్దను నిలువునా చీల్చి, మొదట నాలుగు పలకలుగా, తర్వాత ఎనిమిది పలకలుగా చిత్రిక పట్టి, తిన్నని కర్రగానే ఉంచి నిప్పుల సెగ మీద పెట్టాలి. కర్రను తిప్పుతూ, ఒకచోట ఆపకుండా, సెగ పైపైన కాక లోపలి నార దాకా దిగేంతవరకు ఓపిక పట్టాలి. పైన మాడకూడదు, లోపల చల్లగా ఉండకూడదు. సమయం వచ్చిందని తెలిసేది వేళ్లకే. అప్పుడు బల్ల అంచుకో మోకాలికో ఆనించి ఒక అంగుళం మేర వంచి, చల్లారేవరకు పట్టుకుని, తర్వాతి అంగుళానికి వెళ్లాలి. సెగ లోపలికి దిగకుండా వంచిన కర్ర కొన్నాళ్లకు తిన్నబడిపోతుంది. సరిగ్గా దిగితే వంపు రెండు శతాబ్దాలు నిలుస్తుంది. తూర్త్ చేసిన కమానులు ఇప్పటికీ కచేరీల్లో మోగుతున్నాయి.

వంపు తర్వాత లావు. కమాను కర్ర పట్టు దగ్గర లావుగా మొదలై కొన దగ్గరికి సన్నబడుతుంది. ఈ సన్నబాటు సమానంగా సాగదు. తూర్త్ పోయాక పారిస్‌లోని పేరున్న వయొలిన్ తయారీదారు వీయోమ్ అతని కమానులు కొన్నిటిని కొలిచి చూశాడు. కర్ర పొడవు సుమారు 70 సెంటీమీటర్లు, అందులో పట్టు దగ్గరి 11 సెంటీమీటర్లు ఒకే లావు, 8.6 మిల్లీమీటర్లు. అక్కడి నుంచి కొన చేరేసరికి 5.3 మిల్లీమీటర్లు. మధ్యలో 0.3 మిల్లీమీటర్ల చొప్పున లావు తగ్గే బిందువులు పది. ఆ బిందువుల మధ్య దూరం ఒక్కటిగా లేదు, కొన దగ్గరయ్యే కొద్దీ కురచ అవుతూ పోయింది. ఆ కురచబాటు ఒక క్రమంలో ఉంది, కాగితం మీద గీస్తే గణితజ్ఞులు లాగరిథమిక్ వక్రం అనే గీత పడింది. ఫెతీస్ 1856లో స్ట్రాడివారి గురించి వెలువరించిన పుస్తకంలో ఈ లెక్క అచ్చయింది.

లెక్కలు పెద్దగా రాని పనివాడి చేతిలో గణితసూత్రం ఎలా దూరిందన్న ఆశ్చర్యం సహజమే. జవాబు మాత్రం సాదాగానే ఉంటుంది. చిత్రిక పడుతూ కర్రను రెండు చివరలా పట్టి వంచి చూసేవాడికి, ఎక్కడ మొరాయిస్తోందో ఎక్కడ లొంగిపోతోందో చేతికి తెలుస్తుంది. మొరాయించినచోట ఒక పొర తీస్తాడు, మళ్లీ వంచుతాడు. బలం పట్టు నుంచి కొన దాకా తెగకుండా సాగే స్థితికి వచ్చాక ఆపుతాడు. ఆ ఆపిన చోటే వక్రం. సూత్రం ముందు పుట్టి చేయి దాని వెంట నడవలేదు, చేయి నడిచిన దారిని సూత్రం తర్వాత కొలిచింది. చేతిపనుల చరిత్రలో ఇది తరచుగా కనిపించే వరసే. కొలత దొరికాక దాన్ని ఎవరైనా నేర్చుకోవచ్చు, అది చిన్న లాభం కాదు. అయినా వీయోమ్ పట్టిక చేతికొచ్చిన ప్రతివాడూ తూర్త్ కాలేదు. పట్టిక చెప్పేది లావు సంగతే. కర్ర ఎంత గట్టిదో, ఎంత బరువుదో పట్టికకు తెలియదు. ఒకే చెట్టు నుంచి తీసిన రెండు బద్దలను ఒకే కొలతకు దించితే ఒకటి చురుకైన కమాను కావచ్చు, రెండోది మొద్దుగా మిగలవచ్చు. నేర్పున్న పనివాడు పట్టిక దగ్గరి నుంచి మొదలుపెట్టి, ఆ కర్ర అడిగినంత మేర దాన్నుంచి తప్పుకుంటాడు.

ఆ కర్ర పెర్నాంబుకో. తూర్త్ ఎన్నో కర్రలు ప్రయత్నించి చివరికి దీని దగ్గరే ఆగాడు. ఇది బ్రెజిల్ తూర్పు తీరాన అట్లాంటిక్ అడవిలో మాత్రమే సహజంగా పెరిగే చెట్టు. ఒళ్లంతా ముళ్లు, పసుపు పూలు, లోపల నారింజ ఎరుపు చేవ. శాస్త్రీయనామం పావుబ్రాసీలియా ఎకినేటా. 1500లో పోర్చుగీసువారు ఆ తీరం చేరినప్పుడు వారి కంటపడ్డ సొమ్ము ఈ చేవలోని ఎర్రరంగే. అంతకుముందు ఐరోపా అద్దకందారులు అలాంటి రంగునే ఆసియా నుంచి వచ్చే పతంగి చెక్క నుంచి తీసేవారు. కొత్త ఖండంలో అదే రంగు దొరికేసరికి ఓడలకు ఓడలు దుంగలు తరలిపోయాయి. దేశానికి బ్రెజిల్ అనే పేరు పడింది ఈ చెట్టు మీదనే. పారిస్‌కు ఈ కర్ర వచ్చింది సంగీతం కోసం కాదు, అద్దకం కోసం. రంగు తీయడానికి పొడి కొట్టబోయే వంకర దుంగల గుట్టలో తిన్నని నార ఉన్న ముక్కను ఏరుకోవడం కమానులు చేసేవాడి మొదటి పని. నెపోలియన్ యుద్ధకాలంలో బ్రిటన్ నౌకాదళం సముద్రాన్ని దిగ్బంధించినప్పుడు ఆ ఏరుకోవడం మరీ కష్టమైంది.

పెర్నాంబుకోలో ఉన్న గొప్పతనం మూడు గుణాల కలయిక. బరువులో నీటికి సరితూగేంత చిక్కన, వంచితే ఉక్కులా తిరిగి లేచే బిగువు, సెగకు లొంగి తర్వాత లొంగకుండా ఉండే నార. నాలుగో గుణం కూడా ఒకటుంది. ఇందులో పుట్టిన కంపనం త్వరగా చల్లారదు. చేవలోని నీటిలో కరిగే పదార్థాలను తీసి వేరే కర్రకు పట్టిస్తే ఆ కర్రలోనూ కంపనం మరికాస్త సేపు నిలిచిందని జపాన్ పరిశోధకులు చూపించారు. ఇటలీలో కమానులు చేసే జొవాన్నీ లూకీ 1980లలో కర్రలో శబ్దవేగాన్ని కొలిచే పరికరం తయారుచేశాడు. మంచి పెర్నాంబుకోలో శబ్దం సెకనుకు 5000 మీటర్లకు పైగా పరుగెడుతుంది. పరికరం లేని రోజుల్లో బద్దను బల్ల మీద పడేసి మోగే తీరు వినేవారు. పరికరం ఉన్న చోటా ఆ అలవాటు పోలేదు.

కర్ర సిద్ధమయ్యాక వెంట్రుకలు. తెల్లని, ముతకగా లేని తోక వెంట్రుకలు కావాలి. మంగోలియా, సైబీరియా వంటి చలిప్రాంతపు మగ గుర్రాలవి బలంగా ఉంటాయని వాటికే గిరాకీ. ఒక కమానుకు 150 నుంచి 200 వెంట్రుకలు పడతాయి. మెలికపడినవీ లావు సన్నం ఉన్నవీ ఏరి పారేయాలి. తూర్త్ ఇంట్లో ఈ ఏరే పని కూతురు చేసేదని ఫెతీస్ రాశాడు. ఏరిన కట్టను దువ్వి, ఒక చివర దారంతో బిగించి, ముడి జారకుండా అంచును రోజిన్ అనే బంకతో కాల్చి, కొనలో చెక్కిన చిన్న గూటిలో పెట్టి సరిగ్గా ఆ గూటి ఆకారానికి చెక్కిన బిళ్ళను దిగ్గొడతారు. అక్కడ జిగురు వాడరు. బిళ్ళ వదులైతే వెంట్రుకలు ఊడతాయి, బిగువెక్కువైతే కొన పగులుతుంది. వెంట్రుకలను తడిపి దువ్వి రెండో చివర ఫ్రాగ్ గూటిలో కట్టాలి. పొడవు ఒక్క మిల్లీమీటరు తేడా వచ్చినా తడి ఆరాక కమాను ఒక పక్కకు లాగుతుంది. వెంట్రుకలు అరుగుతాయి, తెగుతాయి, ఏడాదికో అంతకుముందో మార్చవలసి వస్తుంది. కర్ర శతాబ్దాలు నిలుస్తుంది, వెంట్రుక నెలలు నిలుస్తుంది. కమాను బతికేది ఒక పనివాడితో కాదు, అతని తర్వాత దాన్ని విప్పి మళ్లీ కట్టే అనేకమంది చేతుల్లో.

వెంట్రుక తీగ మీద జారితే చాలు నాదం వచ్చేయదు. పైన్ చెట్టు బంక నుంచి తీసిన రోజిన్ రాయనిదే కమాను తీగ మీద మూగగా జారిపోతుంది. రోజిన్ పట్టిన వెంట్రుక తీగను అంటుకుని తనతో కొంత దూరం లాక్కుపోతుంది, లాగుడు ఎక్కువయ్యేసరికి తీగ తప్పించుకుని వెనక్కి జారుతుంది, వెంటనే మళ్లీ చిక్కుతుంది. సెకనుకు 440 కంపనాల స్వరం పలుకుతున్నప్పుడు ఈ పట్టుకోవడం, వదలడం సెకనుకు 440 సార్లు జరుగుతుంది. 19వ శతాబ్దంలో జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ తీగను సూక్ష్మదర్శినిలో చూసి ఒక వింత కనిపెట్టాడు. కంటికి విల్లులా కనిపించే తీగ ఏ క్షణంలో చూసినా రెండు తిన్నని గీతలే. ఆ గీతలు కలిసే మూల తీగ వెంట ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు పరుగెడుతూ ఉంటుంది.

అక్కడి నుంచి ఆ పనిని ముందుకు తీసుకెళ్లినవారిలో సి. వి. రామన్ ఒకరు. రామన్ బాల్యం విశాఖపట్నంలో గడిచింది, తండ్రి అక్కడి ఏవీఎన్ కళాశాలలో అధ్యాపకుడు. కాంతి పరిక్షేపం మీద పని చేసి 1930లో నోబెల్ అందుకోకముందు రామన్ కలకత్తాలో వాద్యాల ధ్వనిశాస్త్రం మీద ఏళ్ల తరబడి శ్రమించాడు. కమానుతో వాయించిన తీగల కంపన సిద్ధాంతం మీద 1918లో పెద్ద గ్రంథమే వెలువరించాడు. మనిషి చేతి చపలత్వం లెక్కలోకి రాకుండా ఒక యంత్రం కట్టాడు. అందులో కమాను కదలకుండా ఉంటే వయొలినే దాని కింద ముందుకూ వెనక్కూ జరిగేది. కమాను తీగలను మోసే బ్రిడ్జికి దగ్గరయ్యే కొద్దీ నాదం తెగకుండా ఉండాలంటే ఎంత ఎక్కువ నొక్కాలో ఆ ప్రయోగాలు కొలిచి చెప్పాయి. వాయించేవారికి చేతిలో తెలిసిన సంగతే అది. వీయోమ్ కర్ర దగ్గర చేసిన పని రామన్ తీగ దగ్గర చేశాడు, చేతికి తెలిసినదాన్ని లెక్కకు తెచ్చాడు. సాధకుడికి ఆ లెక్క వల్ల చేయి తిరగకపోవచ్చు, తన చేయి ఎందుకు అలా తిరుగుతుందో మాత్రం తెలుస్తుంది.

తూర్త్ తన కమానుల మీద ముద్ర వేయలేదనే చెప్పాలి. 1824లో, 77 ఏళ్ల వయసులో చేశానని తెలిపే చీటీ దొరికిన కమాను అరుదైన మినహాయింపు. ముద్ర లేకపోయినా తల చెక్కిన తీరు, అంచుల పదును, ఎనిమిది పలకలు గుండ్రంలోకి కరిగే పద్ధతి చూసి నిపుణులు పోల్చుకుంటారు. ఈనాడు అతని కమానుకు వేలంలో లక్షల డాలర్లు పలుకుతాయి. తర్వాతి తరం వోజ్ కొండల పక్కన ఉన్న మిర్‌కూర్ అనే చిన్న ఊరి నుంచి వచ్చింది. దొమినిక్ పెకాత్ అక్కడ పుట్టి పారిస్‌లో వీయోమ్ కొట్టులో చేయి తిప్పుకున్నాడు. 20వ శతాబ్దపు మొదటి సగంలో యూజీన్ సార్తొరీ మరింత దృఢమైన కర్రలతో పేరు తెచ్చుకున్నాడు. లండన్‌లో జేమ్స్ టబ్స్ తనదైన తల ఆకారం నిలిపాడు. తూర్త్‌కు సమకాలికుడైన డాడ్ మాత్రం పనిలోని కిటుకు ఎవరికీ చెప్పకుండా, శిష్యుడినే పెట్టుకోకుండా పేదరికంలో 1839లో పోయాడు. మిర్‌కూర్‌లో పనివాడి పక్కన పనివాడు కూర్చుని నేర్చుకున్నాడు గనకే అక్కడి వరస తెగలేదు.

తూర్త్ పారిస్‌లో పని చేస్తున్న కాలంలోనే వయొలిన్ దక్షిణ భారత సంగీతంలో అడుగుపెట్టింది. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు మద్రాసులో ఒక ఐరోపా విద్వాంసుడి దగ్గర వయొలిన్ నేర్చుకుని దాన్ని కర్ణాటక సంగీతానికి మలిచారు. వాద్యం మారలేదు, కూర్చునే తీరు మారింది. నేల మీద బాసీపట్టు వేసి, వాద్యం తలను పాదం మీద ఆనిస్తే ఎడమచేయి గమకాలకు పూర్తిగా విడుదలైంది. కమానుకు కొత్త పని వచ్చింది. ఐరోపాలో తీగ మీద గంతులేయడం ఎంత ముఖ్యమో ఇక్కడ సాహిత్యంలోని అక్షరం తెగకుండా నాదం సాగడం అంత ముఖ్యం. పల్లవి పాడుతున్న గొంతు ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో కమాను అక్కడే మలుపు తిరగాలి. గంతుల కోసం తూర్త్ కర్రలో పెట్టిన చురుకు ఇక్కడ అంతగా అక్కరకు రాలేదు. చివరి అంగుళం దాకా సన్నగిల్లని నాదం కోసం అతను కుదిర్చిన తూకం మాత్రం ఆలాపనకే చేసినట్టు అమరిపోయింది. విజయనగరం మహారాజా సంగీత కళాశాలలో పాఠం చెప్పి, 1936లో దానికి ప్రిన్సిపాల్ అయిన ద్వారం వెంకటస్వామి నాయుడు పొడవైన కమాను లాగుడుకు పేరుపడ్డారు. కంటిచూపు అంతంతమాత్రమైన ఆయన స్వరాన్ని గొంతులో పలికినంత నిండుగా కమానుతో పలికించారు. పనిముట్టు చేసినవాడు ఊహించని సంగీతానికీ పనికిరావడమే ఆ పనిముట్టుకు పెద్ద పరీక్ష.

ఇప్పుడు కమానుకు ముడిసరుకే కరువైంది. శతాబ్దాల అద్దకపు వ్యాపారం, పొలాలకూ ఊళ్లకూ అడవి నరకడం కలిసి అట్లాంటిక్ అడవిని కొద్ది తునకలకు కుదించాయి. 1978లో బ్రెజిల్ ఈ చెట్టును జాతీయ వృక్షంగా ప్రకటించేనాటికే అది అరుదైపోయింది. అంతరించే జాతుల వ్యాపారాన్ని అదుపుచేసే సైటిస్ ఒప్పందం 2007లో ఈ దుంగలనూ కోత కర్రనూ కమానులకు సగం చెక్కిన ముక్కలనూ తన రెండో జాబితాలో చేర్చింది. 2022లో పనామాలో జరిగిన సమావేశంలో మొదటి జాబితాకు మార్చాలని బ్రెజిల్ అడిగింది. అలా మారిస్తే వాద్యకారుడు కమానుతో విదేశానికి వెళ్లడమే చిక్కవుతుందని సంగీత సంస్థలు మొరపెట్టుకున్నాయి. చివరికి రెండో జాబితాలోనే ఉంచి నిబంధనలు బిగించారు. కమానులు చేసేవారు ఊరుకోలేదు. 2000లోనే ఒక అంతర్జాతీయ సంరక్షణ ఉద్యమం మొదలుపెట్టి, డబ్బు పోగుచేసి, బ్రెజిల్‌లో మొక్కలు నాటిస్తూ వస్తున్నారు. ఈ చెట్టు నెమ్మదిగా పెరుగుతుంది. కమానుకు తగిన చేవ పట్టడానికి ఒక మనిషి పనిచేసే కాలమంతా పడుతుంది. నాటిన చేయి ఆ కర్రను చిత్రిక పట్టే అవకాశం తక్కువ.

మరోవైపు కార్బన్ ఫైబర్ కమానులు 1990ల నుంచి బజారులో స్థిరపడ్డాయి. తేమకు వంగవు, సులభంగా విరగవు, ధర అందుబాటులో ఉంటుంది. విద్యార్థి చేతిలో చవక కర్ర కమాను కంటే మంచి కార్బన్ కమాను ఎన్నో రెట్లు మేలు.  కార్బన్ అచ్చులో తూర్త్ కొలతలన్నీ ఉంటాయి. వంపు, తూకం, సన్నబడే క్రమం, అన్నీ ఒక్క తేడా లేకుండా వెయ్యిసార్లు పునరావృతమవుతాయి. లెక్కకు ఎక్కిన విద్య అంతా అందులో ఉంది, ఆ విద్య అందరికీ అందింది. ఇది తూర్త్ గెలుపుగానే భావించాలి.

చేతి కమానుకు మిగిలింది అచ్చుకు ఎక్కని భాగం. రెండు కర్రలు ఒకలా ఉండవు, వాయించే రెండు చేతులూ ఒకలా ఉండవు. ఈ కర్రలోని నార ఎక్కడ బలంగా ఉందో, ఈ వాద్యకారుడి చేయి ఎక్కడ బరువు వేస్తుందో చూసి, ఒక పొర తీయాలా వద్దా అని నిర్ణయించే పని ఏ పట్టికా చేసిపెట్టదు. ఆ నిర్ణయం ప్రతి కర్ర దగ్గరా కొత్తగా తీసుకోవలసిందే. మంచి కమాను ధరలో కర్రకూ వెండికీ పోయేది కొంతే. మిగతాది ఎక్కడ ఆపాలో తెలిసిన చేతికి చెల్లే కూలి.